పిల్లుల డ్రై ఫుడ్ ప్యాకెట్ మీది అంకెలను ఎలా చదవాలి?

ప్రశ్న: కృష్ణలంక గండు (విజయవాడ)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో రెండు పిల్లులు ఉన్నాయి. ఒకటి ఆపరేషన్ చేయించిన మూడేళ్ల గండుపిల్లి, బరువు 5.4 కిలోలు. రెండవది ఐదు నెలల ఆడ కూన, ఇప్పుడే రెండు కిలోలకు వచ్చింది. ఏడాది క్రితం వరకు చేపలు తెచ్చిన రోజు తలకాయలు ఉడికించి, మిగిలిన రోజుల్లో పెరుగన్నమో పాలన్నమో పెట్టేవాళ్లం. ఏడాదిగా డ్రై ఫుడ్‌కు మారాము. అప్పటి నుంచి గండు ఒళ్లు చేసింది కానీ, దాని బొచ్చులో మునుపటి నిగనిగ లేదని మా అమ్మగారు అంటున్నారు.

మేము కొనే దుకాణంలో నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి. మొదటిది కిలో 300 రూపాయల ప్యాకెట్, దాని మీద ప్రోటీన్ 32, కొవ్వు 10, పీచు 4, తేమ 10 శాతం అని ఉంది. రెండవది కిలో 700 రూపాయలది, అందులో ప్రోటీన్ 36, కొవ్వు 18, పీచు 3, తేమ 9. మూడవది పెద్ద బస్తా విప్పి కిలోల లెక్కన తూచి ఇచ్చే విడి సరుకు, దాని మీద ఏ అంకెలూ ఉండవు. దుకాణదారు మాత్రం అదీ ఇదీ ఒకటేనంటారు. ఖరీదైన ప్యాకెట్‌లో మొదటి దినుసు "తాజా కోడిమాంసం", చౌక ప్యాకెట్‌లో మొదటి దినుసు మొక్కజొన్న. ఇవి చూసి 36 శాతం ఉన్నదే మంచిదని తీర్మానించుకోవచ్చా, లేక ఇంకేమైనా చూడాలా? అనుభవజ్ఞులు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం 1: మేత ల్యాబ్ మనిషి (భీమవరం)

నేను పిల్లుల వైద్యుణ్ణి కాదు. చేపల మేత, కోళ్ల మేత పరీక్షించే ల్యాబులో చాలాకాలం పనిచేసినవాణ్ణి. చెరువులో తేలే మేతను తయారుచేసే ఎక్స్‌ట్రూడర్‌కూ (పిండిని ఆవిరితో ఉడికించి ఒత్తిడితో గుళికలుగా తోసే యంత్రం), పిల్లి గుళికను తయారుచేసే ఎక్స్‌ట్రూడర్‌కూ సూత్రంలో తేడా లేదు కనుక, ఆ మేరకు చెప్పగలను.

ముందుగా ప్యాకెట్ల మీద ప్రోటీన్ అంకెకు రాసే "క్రూడ్ ప్రోటీన్" అనే మాట గురించి. ల్యాబులో మేము ప్రోటీన్‌ను నేరుగా కొలవము. నమూనాను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మరిగించి, అందులోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి కొలిచి, వచ్చిన అంకెను 6.25తో గుణిస్తాము. అంటే ఆ నత్రజని కోడి గుండె నుంచి వచ్చిందా, సోయా పిండి నుంచి వచ్చిందా, ఈకల నుంచి వచ్చిందా అన్నది ఆ పరీక్షకు తెలియదు. యూరియా కలిపిన చేప పొడి మా బల్ల మీదకు ఎన్నోసార్లు వచ్చింది. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది కనుక, మన లెక్క ప్రకారం అది 287 శాతం "ప్రోటీన్" అవుతుంది! నవ్వు వచ్చే సంగతే గాని, 2007లో అమెరికా, కెనడాలలో జరిగినది ఇలాంటి మోసమే. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో (గోధుమలోని ప్రోటీన్ పొడిలో) నత్రజని ఎక్కువ కనిపించడానికి మెలమైన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం కలిపారు. అది సయన్యూరిక్ ఆమ్లం అనే మరో రసాయనంతో కలిసి పిల్లులు, కుక్కల కిడ్నీలలో స్ఫటికాలుగా పేరుకుని ప్రాణాలు తీసింది. ఆ ప్యాకెట్ల మీద కూడా ప్రోటీన్ శాతం ముచ్చటగానే ఉండి ఉంటుంది.

ఇక మీ రెండు ప్యాకెట్లనూ లెక్క వేద్దాము. ప్యాకెట్ మీద పిండిపదార్థం ఎంతో రాయరు, మనమే రాబట్టుకోవాలి. బూడిద శాతం, అంటే ఖనిజాల భాగం, మీరు చెప్పలేదు కనుక 8 అనుకుంటున్నాను, డ్రై ఫుడ్‌లో అది మామూలే. నూరులో నుంచి ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద తీసివేస్తే మొదటి దానిలో 36, రెండవ దానిలో 26 మిగులుతాయి. పెంపుడు జంతువుల మేతకు వాడే సవరించిన ఆట్‌వాటర్ లెక్కలో గ్రాము ప్రోటీన్‌కు 3.5, పిండిపదార్థానికి 3.5, కొవ్వుకు 8.5 కిలోకేలరీలు (వాడుకలో కేలరీలు). ఆ ప్రకారం మొదటిది నూరు గ్రాములకు సుమారు 323 కేలరీలు, రెండవది 370.

ఇప్పుడు వెయ్యి కేలరీలకు ఎంత ప్రోటీన్ అందుతుందో చూడండి. మొదటి దానిలో 99 గ్రాములు, రెండవ దానిలో 97. అంటే 32 శాతం, 36 శాతం అని మీరు పక్కపక్కన పెట్టి చూస్తున్న రెండు ప్యాకెట్లూ పిల్లి పొట్టలోకి చేర్చే ప్రోటీన్ విషయంలో దాదాపు సమానమే. రెండవ దానిలో ప్రోటీన్‌తో పాటు కొవ్వు కూడా పెరిగింది కనుక పిల్లికి తక్కువ గ్రాములే సరిపోతాయి, ఆ తక్కువ గ్రాములలో ప్రోటీన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. తేమ తీసివేసి పొడి పదార్థం మీద పోల్చితే చాలని కొందరు చెబుతారు. తడి ఆహారపు పౌచ్‌ను డ్రై ఫుడ్‌తో పోల్చేటప్పుడు అది తప్పనిసరే గాని, కొవ్వులో తేడా ఉన్నప్పుడు ఆ లెక్క కూడా మోసం చేస్తుంది. ఇక్కడ అదే చేసింది, ఆ లెక్కలో 35.6కు 39.6 అని రెండవదే గెలుస్తుంది. అయితే ప్యాకెట్ మీద రాసేవి ప్రోటీన్, కొవ్వుల కనీస పరిమితులు, తేమ, పీచుల గరిష్ఠ పరిమితులు మాత్రమే కనుక, ఇదంతా ఉజ్జాయింపు లెక్క అని గుర్తుంచుకోవాలి.

దినుసుల జాబితా సంగతి. జాబితాను దినుసులు కలిపేటప్పుడు ఉన్న బరువు ప్రకారం రాస్తారు. తాజా కోడిమాంసంలో సుమారు 70 శాతం నీరే. ముప్పై కిలోల మాంసం వేస్తే, ఆరిన గుళికలో మిగిలేది తొమ్మిది కిలోలు. అదే ఇరవై కిలోల మొక్కజొన్న వేస్తే పదిహేడు కిలోలకు పైగా మిగులుతుంది. జాబితాలో మాంసం మొదట ఉంటుంది, గుళికలో మొక్కజొన్న ఎక్కువ ఉంటుంది, ఎవరూ అబద్ధం చెప్పలేదు! మొక్కజొన్న, మొక్కజొన్న గ్లూటెన్, మొక్కజొన్న పిండి అని మూడు ముక్కలు చేసి రాస్తే ఒక్కొక్కటీ కిందికి జారుతుంది, మాంసం మీదికి లేస్తుంది. దీనికి భిన్నంగా "చికెన్ మీల్" అంటే అప్పటికే నీరు, కొవ్వు తీసిన పొడి. పేరు వినడానికి బాగుండదు గాని, బరువుకు బరువు చూస్తే ప్రోటీన్ అందులోనే ఎక్కువ.

సమాధానం 2: పశువైద్యురాలు (హనుమకొండ)

భీమవరం వారి లెక్క సరిగ్గా ఉంది. నేను మాత్రం ప్యాకెట్‌ను వెనక్కి తిప్పి, మొదట ఒక వాక్యం కోసం వెతుకుతాను. ఈ ఆహారం ఏ వయసు పిల్లులకు "కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్" అని, ఏ ప్రమాణాల ప్రకారం అలా అంటున్నారో చెప్పే వాక్యం అది. మన దగ్గర దొరికే చాలా ప్యాకెట్లపై అమెరికాకు చెందిన ఆఫ్కో (మేత నియంత్రణ అధికారుల సంఘం) ప్రమాణాల పేరో, ఐరోపాకు చెందిన ఫెడియాఫ్ (పెంపుడు జంతువుల ఆహార తయారీదారుల సమాఖ్య) పేరో కనిపిస్తుంది. ఆఫ్కో ఏ ఉత్పత్తినీ పరీక్షించదు, ఆమోదించదు. అది ప్రమాణాలను మాత్రమే నిర్ణయిస్తుంది, వాటిని పాటించానని చెప్పేది తయారీదారే. కనుక "ఆఫ్కో ఆమోదించినది" అని ఎవరైనా రాస్తే నాకు అనుమానమే కలుగుతుంది.

ఆ ప్రమాణాలలో పొడి పదార్థం మీద ఎదిగిన పిల్లికి ప్రోటీన్ కనీసం 26 శాతం, ఎదిగే కూనలకు, చూలు పిల్లులకు 30 శాతం ఉండాలి. చూశారుగా, మీ రెండు ప్యాకెట్లూ ఈ గీతను సులువుగా దాటుతాయి. అందువల్ల తేడా తేలేది ప్రోటీన్ అంకె దగ్గర కాదు, ఆ అంకె కింద కనిపించని వాటి దగ్గర. అందులో ముఖ్యమైనది టారిన్ అనే అమైనో ఆమ్లం. పిల్లి శరీరం దానిని తనకు చాలినంత తయారుచేసుకోలేదు. తక్కువైతే కంటి రెటీనా దెబ్బతింటుంది, గుండె కండరం పలచబడి సాగిపోతుంది. పిల్లులలో ఈ గుండె జబ్బుకు టారిన్ లోపమే కారణమని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో పాల్ పయన్ బృందం 1987లో చూపించింది. అప్పటికి ఆ పిల్లులు తింటున్నది దుకాణాల్లో దొరికే ఆహారమే, కాగితం మీద అందులో అన్నీ ఉన్నాయి. ఆ తరువాతే తయారీదారులు టారిన్ పెంచారు. ఇప్పుడు ఎక్స్‌ట్రూడర్‌లో తయారైన డ్రై ఫుడ్‌కు కనీస పరిమితి 0.1 శాతం, డబ్బా ఆహారానికి దానికి రెట్టింపు.

పిల్లి క్యారెట్‌లోని బీటా కెరోటిన్‌ను విటమిన్ ఎగా మార్చుకోలేదు. మాంసపు కొవ్వులో ఉండే అరాకిడోనిక్ ఆమ్లాన్ని కూడా తనకు చాలినంత తయారుచేసుకోలేదు. అందుకే మీ పాత పెరుగన్నానికి తిరిగి వెళ్లమని నేను చెప్పను. ఉత్త చేప తలకాయల మీద బ్రతికించడం కూడా సరైనది కాదు. పిల్లులకు శాకాహార గుళికలు అమ్మేవారు ఎదురైతే, ఈ పోషకాలను కృత్రిమంగా ఎంత కలిపారో లిఖితంగా చెప్పమని అడగండి.

ఆ వాక్యంలో "ఫార్ములేటెడ్ టు మీట్" అని ఉంటే లెక్క కట్టిగాని, పరీక్షించిగాని ప్రమాణాలు కుదిర్చారని అర్థం. "ఫీడింగ్ ట్రయల్" అని ఉంటే నిజమైన పిల్లులకు పెట్టి చూశారని అర్థం. ఆఫ్కో పద్ధతిలో ఎదిగిన పిల్లుల పరీక్ష కనీసం ఎనిమిది పిల్లులతో 26 వారాలు సాగుతుంది. అది గొప్ప పరీక్షేమీ కాదు, ఏళ్ల తరబడి తింటే ఏమవుతుందో అది చెప్పదు. అయినా లేకపోవడం కంటే నయం.

మీ కూన విషయంలో జాగ్రత్త పడండి. చౌక ప్యాకెట్ మీద "అడల్ట్ 1+" అని ఉంటే అది మీ కూనకు తగినది కాదు, కాల్షియం, భాస్వరం, ప్రోటీన్ అన్నీ ఎదుగుదలకు ఎక్కువ కావాలి. "గ్రోత్" అనో "ఆల్ లైఫ్ స్టేజెస్" అనో ఉన్నదే పెట్టండి. గండుకు రోజుకు ఎంత పెడుతున్నారో మీరు రాయలేదు, నాకు ముందు తెలియవలసింది అదే.

సమాధానం 3: సీతమ్మధార (విశాఖపట్నం)

ప్యాకెట్ మీద కనిపించే మరొక అంకె గురించి ఎవరూ మాట్లాడలేదు కనుక రాస్తున్నాను. తేమ 10 శాతం. పిల్లికి దాహం తక్కువ, ఎరలోని నీటితోనే బ్రతికిన జాతి అది. మా గండుపిల్లి రెండేళ్లు డ్రై ఫుడ్ మీదే ఉంది. ఒకనాటి రాత్రి మట్టి పెట్టెలోకి పదేపదే వెళ్లి ముక్కడం, కింద నాక్కోవడం, అరవడం మొదలుపెట్టింది. మలబద్ధకం అనుకుని ఆముదం కోసం వెతికాము. తెల్లవారి ఆసుపత్రికి తీసుకువెళితే మూత్రనాళం పూర్తిగా మూసుకుపోయిందని, మరొక పూట ఆలస్యమైతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోయేదని చెప్పారు. గొట్టం వేసి బ్రతికించారు. ఆముదం ఇంట్లో లేకపోవడమే మా అదృష్టం.

ఆ తరువాత రోజూ ఒక పూట తడి ఆహారం, మిగిలిన పూట గుళికలు. నీళ్ల గిన్నెను తిండి గిన్నెకు దూరంగా, ఇంట్లో మూడు చోట్ల పెట్టాము. స్నానాలగదిలోని మగ్గులో నీళ్లు తాగడం దానికి ఎందుకో మహా ఇష్టం, అందుకని ఆ మగ్గునే వదిలేశాము. మీది కూడా ఆపరేషన్ అయిన, ఒళ్లు చేసిన, ఇంట్లోనే తిరిగే గండుపిల్లి కనుక ఈ మాట చెప్పకుండా ఉండలేకపోయాను.

సమాధానం 4: ఫ్రిస్కో తెలుగు (టెక్సస్)

ఇక్కడి ప్యాకెట్లపై కేలరీలు కిలోకు ఇన్ని, కప్పుకు ఇన్ని అని ముద్రిస్తారు కనుక భీమవరం వారు చేసిన లెక్కలో సగం మాకు తప్పుతుంది. అక్కడ లేకపోతే కంపెనీకి ఉత్తరం రాసి అడగవచ్చు. జవాబు ఎంత సూటిగా వస్తుందన్నది కూడా ఒక కొలమానమే. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం, అంటే డబ్ల్యూఎస్ఏవీఏ, తయారీదారును అడగవలసిన ప్రశ్నలను ప్రచురించింది. ఫార్ములాను ఎవరు రూపొందించారు, వారికి జంతు పోషణలో ఏ అర్హత ఉంది, సొంత కర్మాగారంలో తయారవుతుందా, నాణ్యతను ఎలా పరీక్షిస్తారు వంటివి అందులో ఉన్నాయి.

ఒక్క విషయంలో మాత్రం నాకు భిన్నాభిప్రాయం ఉంది. పిల్లి పూర్తి మాంసాహారి అయినప్పుడు 36 శాతం పిండిపదార్థం ఉన్న గుళికను మంచి ఆహారం అని ఎలా అంటాము? మేము ఇక్కడ ధాన్యం లేని రకమే వాడుతున్నాము.

మేత ల్యాబ్ మనిషి (భీమవరం)

అయ్యా, పిండి లేనిదే గుళిక నిలవదు. ఎక్స్‌ట్రూడర్‌లో ఆవిరికి, ఒత్తిడికి ఉడికిన పిండి మూతి దగ్గర ఒక్కసారిగా గాలిలోకి రాగానే పేలాల్లా పొంగుతుంది. ఆ పొంగే మా చేప మేతను తేలుస్తుంది, మీ గుళికను కరకరలాడిస్తుంది. ధాన్యం తీసేసిన చోట బఠానీలో, బంగాళాదుంపో, కర్రపెండలమో వేస్తారు. మీ ప్యాకెట్‌కు కూడా నూరులో నుంచి తీసివేత చేసి చూడండి, ఎంత మిగులుతుందో మీకే తెలుస్తుంది. బాగా ఉడికిన పిండిని పిల్లి చాలావరకు అరిగించుకోగలదు. పిండి తక్కువే కావాలంటే దారి తడి ఆహారం వైపు ఉంది గాని, ధాన్యం లేని గుళిక వైపు కాదు.

విడి సరుకు గురించి కూడా ఒక మాట. గుళిక ఆరిన తరువాత దాని పైన కొవ్వును, రుచి కోసం జంతు కాలేయం వంటి వాటి నుంచి తీసిన ద్రవాన్ని చల్లుతారు. పిల్లిని పరిగెత్తించే వాసన ఆ పూతదే, అందుచేత పిల్లి ఎగబడి తినడం పోషణకు సాక్ష్యం కాదు. అదే పూత గాలికి, మే నెల విజయవాడ ఎండకు ముందుగా చెడుతుంది. గుప్పెడు గుళికలను అరచేతిలో నలిపి వాసన చూడండి. పాత వేపుడు మూకుడు వాసన గాని, రంగుడబ్బా వాసన గాని వస్తే ఆ కొవ్వు చెడిపోయింది, దానితో పాటు విటమిన్ ఇ కూడా ఖర్చైపోయి ఉంటుంది. బొచ్చు నిగనిగ తగ్గిందన్నారు. మీరు ఇంతకాలం కొన్నది విడి సరుకేనా?

కృష్ణలంక గండు (విజయవాడ)

అవునండీ, ఏడెనిమిది నెలలుగా విడి సరుకే కొంటున్నాము. మీ మాట చదివి నిన్న దుకాణానికి వెళ్లి బస్తా చూపించమని అడిగాను. బస్తా మూతిని కత్తితో అడ్డంగా కోశారు, తయారీ తేదీ ముద్రించిన అంచు ఆ కోసిన ముక్కతోనే పోయింది. దినుసుల జాబితా ఉంది గాని, డాక్టరు గారు చెప్పిన వాక్యం వెనకా ముందూ ఎక్కడా లేదు. అరచేతిలో నలిపి చూశాను, దీపావళి ప్రమిదలు మరునాడు వచ్చే వాసన వచ్చింది. ఇంట్లో మిగిలిన రెండు కిలోలూ పారేశాము.

గండు తిండిని వంటింటి తూకం మీద పెట్టి చూస్తే రోజుకు 95 గ్రాములు తేలింది. నేను మూడు గుప్పెళ్లే కదా అనుకునేవాణ్ణి. చౌక ప్యాకెట్ మీద "అడల్ట్" అనే ఉంది, ఖరీదైన దాని మీద "ఆల్ లైఫ్ స్టేజెస్" అని ఉంది. రెండింటి మీదా ఆ వాక్యం, ప్రమాణాల పేరు ఉన్నాయి. గండుకు మొదటిది, కూనకు రెండవది, ఇద్దరికీ రాత్రి పూట తడి పౌచ్ పెట్టాలని అనుకుంటున్నాము. ఎన్ని గ్రాములు పెట్టమంటారు?

పశువైద్యురాలు (హనుమకొండ)

మీ నిర్ణయం బాగుంది. 95 గ్రాములంటే, ఆ విడి సరుకు కూడా మొదటి ప్యాకెట్ లాంటిదే అనుకుంటే, 300 కేలరీలకు పైమాటే. మీ గండు ఉండవలసిన బరువు నాలుగున్నర కిలోలనుకుంటే, దాని విశ్రాంతి అవసరం రోజుకు సుమారు 215 కేలరీలు. బరువు తగ్గడానికి అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. మొదటి ప్యాకెట్ లెక్కలో అది 66 గ్రాములు, పౌచ్ పెట్టే రోజున ఆ కేలరీలను ఇందులో నుంచి తీసివేయాలి. ఒక్కసారిగా కోత పెట్టకుండా రెండు వారాలలో అక్కడికి దించండి. కొత్త ఆహారాన్ని కూడా పాతదానితో కలుపుతూ వారం పది రోజులలో మార్చడం మా పద్ధతి. మీరు పాతది పారేశారు కనుక, అది తినకుండా మొండికేస్తే మాత్రం ఉపవాసం పెట్టి లొంగదీయకండి. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే కాలేయంలో కొవ్వు చేరి ప్రాణం మీదకు వస్తుంది.

రెండు కిలోల మీ కూనకు 235 నుంచి 295 కేలరీలు కావాలి, అంటే రెండవ ప్యాకెట్‌లో 65 నుంచి 80 గ్రాములు. అవును, ఆ చిన్నది గండు కంటే ఎక్కువే తినాలి. కనుక ఇద్దరికీ గిన్నెలు వేరు చేసి, కూన గిన్నెను గండు ఎక్కలేని చోట పెట్టండి. ఆదివారం ఉదయం ఇద్దరినీ తూచి, ఆ అంకెలు ఇక్కడ రాయండి.